రెండో బూటు

ఆసాహెల్ పిట్కిన్ మా కనెక్టికట్ లోయలో బండి కట్టుకుని ఊరూరా తిరిగి మనుషుల బొమ్మలు వేసేవాడు. సత్రాల బోర్డులకు రంగులు పూస్తూ తనంతట తానే నేర్చుకున్న విద్య. వేళ్ళు వేయడం రాదు కాబట్టి అందరి చేతిలోనూ ఓ పుస్తకం పెట్టేసేవాడు. ముందు ముఖం, చివర పాదాలు. అది ముప్ఫై ఏళ్ళ అలవాటు. పోయిన పిల్లల బొమ్మల్లో మాత్రం ఒక బూటు ఊడి పక్కన పడి ఉండేది. ఆ సంగతి ఇక్కడి తల్లులందరికీ తెలుసు.

అందుకే ఆ మార్చిలో లోయిస్ టటిల్ అతన్ని గుమ్మంలోనే ఆపేసింది. కూతురు కెజియాకు తొమ్మిది రోజులుగా జ్వరం.

"నిన్నెవరు రమ్మన్నారయ్యా? నా బిడ్డ బతికే ఉంది!"

"నేనే," అన్నాడు భర్త తల దించుకుని. "ముఖమైనా మిగులుతుందని..."

పిల్లకు ఎర్ర బూట్లు తొడిగి దిండ్ల మధ్య కూర్చోబెట్టారు. పిట్కిన్ బొగ్గుతో ముఖం గీస్తున్నాడు. "కాలు మండుతోందమ్మా," అంటూ కెజియా ఒక బూటు విదిలించేసింది. అది నేల మీద ఒరిగి పడింది. లోయిస్ కెవ్వుమంది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

పిట్కిన్ నొప్పుల మోకాలు నేలకానించి, బూటు తొడిగి, రెండు ముళ్ళు వేశాడు.

"బిగుతుగా ఉంది తాతా."

"ఉండనీ తల్లీ."

గీసిన ముఖాన్ని గుడ్డతో తుడిచేసి, ముందు ఎరుపు కలిపాడు. బొమ్మలో రెండు బూట్లూ కాళ్ళకే వేసి కుంచె కడిగేశాడు.

"ఈ రంగు ఆరడానికి నాలుగు రోజులు పడుతుందమ్మా. ముఖం అప్పుడు వేస్తా. అప్పటికి పిల్లని ఇలాగే కూర్చోబెట్టి ఉంచు."