లిన్ బామ్మ గింజల మూట

అమెరికాలో, క్యారీలో మా ఇంటి ముందు డ్రైవ్‌వే పగుల్లోంచి ఏటా ఒక కలుపుమొక్క లేస్తుంది. నేలకి పరుచుకున్న వెడల్పాటి ఆకులు, మధ్యలో ఎలుకతోకల్లాంటి కంకులు. దూస్తే ముదురు గోధుమరంగు గింజలూ, పచ్చిగడ్డి వాసనా అరచేతికి అంటుకుంటాయి. ఇంగ్లీషులో ప్లాంటైన్ అంటారు గానీ అరటికాయతో దీనికి ఏ చుట్టరికమూ లేదు. ఉన్నదల్లా మన ఇసబ్‌గోల్‌తో. మా నాయనమ్మ పొరబడింది అక్కడే.

ఎనభైల మొదట్లో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ప్లెయిన్స్‌బరోలో మా కింది అపార్ట్‌మెంట్‌లో లిన్ బామ్మ ఉండేది. ఆగస్టు ఎండలో, పార్కింగ్ లాట్ పక్క గడ్డిలో బకెట్ బోర్లించుకు కూర్చుని, ఈ కంకులు దూసి, పాత పేపరు మీద ఆరబోసి, నోటితో ఊది పొట్టు ఎగరగొట్టేది. తెనాలి నుంచి వచ్చిన నాయనమ్మ, తోచక, పక్కనే ఇంకో బకెట్ వేసుకుంది. ఆవిడకి తెలుగు రాదు, ఈవిడకి చైనీస్ రాదు, ఇద్దరికీ ఇంగ్లీషు రాదు. అందుకే ఒక్కసారీ పోట్లాడుకోలేదు.

ఒకరోజు లిన్ బామ్మ నాయనమ్మ వాచిన పాదం మీద బొటనవేలితో నొక్కింది. పడ్డ గుంట అలాగే ఉండిపోయింది. ఆవిడ గుప్పెడు గింజలిచ్చి, పొత్తికడుపు చూపించి, నోటితో కుళాయి శబ్దం చేసింది. ఒంట్లో నీరు కిందికి పోతుందని అర్థమై, నాయనమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వింది. ఇంటికొచ్చి "ఇది ఇసబ్‌గోలేనే" అంటూ మజ్జిగలో కలిపేసింది. మర్నాడది చూసిన లిన్ బామ్మ తల పట్టుకుని, గ్లాసు సింకులో ఒంపేసి, గింజల్ని గుడ్డలో మూటకట్టి నీళ్ళలో మరిగించి చూపించింది. మూట కట్టకపోతే జిగురై గిన్నెకి అంటుకుపోతాయి.

నాన్న మందుల కంపెనీలో కెమిస్టు.

"నేనక్కడ మందులు చేస్తుంటే, నువ్విక్కడ పార్కింగ్ లాట్‌లో కలుపు తాగుతున్నావా అమ్మా? డాక్టర్‌కి చూపిద్దాం పద."

"తగ్గిందిరా. కావాలంటే బుజ్జినడుగు."

తగ్గిందన్నాను. తగ్గలేదు. మెట్లెక్కుతూ సగంలో కూలబడేది, పడుకుంటే ఊపిరాడక కూర్చునే కునుకు తీసేది. "మీ నాన్నకి చెప్పకే. ఆస్పత్రిలో పడేస్తాడు. పాపం ఆ ముసలమ్మ ఒక్కత్తే కూచోవాలి" అంది. వాళ్ళిద్దరి పక్కన గడ్డిలో గడిపే ఆ మధ్యాహ్నాలు పోతాయని నేనూ నోరు మూసుకున్నాను. నా జన్మలో దాచగలిగిన రహస్యం అదొక్కటే.

సెప్టెంబరులో నాయనమ్మ ఆస్పత్రిలో పోయింది. పాదాల్లో నీరు గుండె జబ్బు వల్లనట. ఇంకాస్త ముందు తీసుకొస్తే బాగుండేదన్నాడు డాక్టరు. నాన్న నా వైపు చూడలేదు. చూసుంటే బాగుండేది.

ఆ వారమంతా చుట్టాలింట్లో ఉండి వచ్చిన లిన్ బామ్మ, కొత్త మూటతో మా తలుపు తట్టి లోపలికి తొంగి చూసింది. కుళాయికి సైగ ఉంది గానీ చావుకి ఏం సైగో నాకు తెలీదు. రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని, నిద్రపోతోందన్నట్టు తల వాల్చాను. ఆవిడ మూట నా చేతిలో పెట్టి, నిద్ర చెడుతుందని చెప్పులు విప్పి పట్టుకుని, మునివేళ్ళ మీద మెట్లు దిగింది.

తర్వాత ఎవరో చెప్పే ఉంటారు. ఆవిడ మళ్ళీ ఆ గడ్డిలో కూర్చోలేదు. ఆ ఏటి కంకులన్నీ గడ్డి కోసే మోవర్ కిందే పోయాయి.

ఇప్పుడక్కడ మందు కొట్టిన గడ్డి తివాచీలా ఉంది, వెతికినా ఒక్క కలుపుమొక్క కనబడదు. మా డ్రైవ్‌వేలో మాత్రం లాన్ చూసే కుర్రాడు ఏటా కలుపుమందు స్ప్రే గొట్టం పట్టుకుని ఆ మొక్క దగ్గర ఆగుతాడు. "అది వదిలెయ్, ఒక పెద్దావిడ వచ్చి కోసుకుంటుంది" అంటాను. ఏ పెద్దావిడ అని ఇంతవరకూ అడగలేదు. మంచివాడు.