కంప్యూటర్‌కు కట్టిన చున్నీ

ఆదివారం బట్టలన్నీ ఉతికాక చివరగా ఆ చిన్న గుడ్డను నీళ్ళలో వేస్తాను. ఒకప్పుడు లేత ఆకుపచ్చగా ఉండేది, ఇప్పుడు దాని రంగేమిటో చెప్పడం కష్టం. తడవగానే దాంట్లోంచి కొత్త నూలు వాసన వస్తుంది. ఇన్నేళ్ళ తర్వాత అందులో నూలు వాసన మిగిలి ఉండదని నాకూ తెలుసు. ఆ సంగతి నా ముక్కుకు చెప్పేదెవరు? జగిత్యాలలో మేముండే వీధిలో మగ్గం చప్పుడే లేదు. అయినా ఆ గుడ్డ పిండుతుంటే నేను సిరిసిల్లలో మా ఇంట్లో ఉంటాను. గోడ అవతల సాంచాలు ఆడుతుంటాయి. మరమగ్గాలను మావాళ్ళు అలాగే అంటారు. ఆ చప్పుడును మించి నసీమ్ ఆపా నవ్వు వినిపిస్తుంది.

నసీమ్ ఆపాకు కోరుట్ల బస్టాండు దగ్గర పెళ్ళిపత్రికల దుకాణం ఉండేది. ఆపా అంటే ఉర్దూలో అక్క. డిగ్రీ అయ్యాక మా చిన్నమ్మ ఇంట్లో ఉంటూ ఆమె దగ్గర పనికి కుదిరాను. కంప్యూటర్‌లో పత్రిక గీయడం నేర్పింది ఆమే. మొదటి పత్రికలో నేను నెమళ్ళు, ఏనుగులు, అరటిచెట్లు, తోచినవన్నీ పెట్టి గర్వంగా చూపించాను. ఆపా కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది. "మంచిగుంది బిడ్డా. గీ అడివిల పెండ్లిపిల్ల ఏడ తప్పిపోయిందో జెర ఎతుకు" అంది. నాకు ఉక్రోషం వచ్చింది. కానీ నెమళ్ళు తీసేస్తే పత్రికలో అమ్మాయి పేరు నిజంగానే ఊపిరి తీసుకున్నట్టనిపించింది. ఆపా తిట్టేది కాదు. వెక్కిరించేది, తర్వాత చాయ్ పోసేది. ఉర్దూ పత్రికైనా తెలుగు పత్రికైనా అచ్చుకు పంపే ముందు పేర్లను పైకి చదివేది, వాళ్ళు ఎదురుగా నిలబడ్డట్టే.

ఆ ఏడాది చివర్లో మా అవ్వ నడుముకు ఆపరేషన్ అయింది. మా ఇంట్లో అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. ఆమెను చూసుకోవడానికి నేను సిరిసిల్ల వెళ్ళిపోవాల్సిందే. పని మానేస్తున్నానని ఆపాకు చెప్పాను. ఇంటికి పోతే బీడీల చాట ముందు కూర్చోవాలి, లేదంటే సాంచాలకు నూలు కండెలు చుట్టాలి. అవి చిన్న పనులని కాదు, అవ్వ నన్ను పెంచింది బీడీలతోనే. నాకు మాత్రం రంగుల పని కావాలి, అంతే. ఆపా కాగితం అంచులు కత్తిరించడం ఆపి నా వైపు తిరిగింది. "పత్రికలు నీ కాళ్లు గీస్తున్నయా, చేతులా? ఇంట్ల కూసొని గియ్యి, నెట్‌ల పంపు, నేను అచ్చేస్త. విడి సామాను తెచ్చి మనమే ఒక కంప్యూటర్ బిగిద్దాం" అంది.

డబ్బులు బాపు దగ్గర ఉన్నాయి, కానీ అవి ఇంటి రేకులు మార్చడానికి దాచినవి. సాంచాల మీద పనిచేసే మనిషి వానాకాలానికి ముందు ఆ మూట విప్పాడంటే మాటలు కాదు. "ఇది కూడు పెడుతదా బిడ్డా?" అని ఒక్క మాటే అడిగాడు. పెడుతుందన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో అంత ధైర్యం!

సామాను కొనడానికి ఆపా, నేను జగిత్యాల వచ్చాం. దుకాణంలో ఒక కంప్యూటర్ డబ్బా ఉంది, అద్దాల పక్కలు, లోపల ఇంద్రధనుస్సులా తిరిగే లైట్లు. నా చూపు దాని మీదే అతుక్కుంది. ఆపా నన్ను చూసి, దాన్ని చూసి, "పైన పటారం లోన లొటారం. పద" అంది. ప్రాసెసర్‌నూ బోర్డునూ పక్కపక్కన పెట్టించి, పెళ్ళిసంబంధం కుదిర్చినట్టే దుకాణదారుణ్ణి ఆరా తీసింది. "రెండిటికీ పొసుగుతదా? రేపు ఇంకో మెమొరీ పెట్టాల్నంటె జాగ ఉన్నదా?" ఆటలు ఆడేవాళ్ళకు కావలసిన గ్రాఫిక్స్ కార్డు వద్దంది. పాత సామాను సంచి వేరే తెచ్చుకుంది. కీబోర్డు, మౌసు అందులోంచే వచ్చాయి. మిగిలిన డబ్బంతా మంచి తెర మీద, కరెంటు ఎక్కువతక్కువలకు తట్టుకునే పవర్ సప్లై మీద పెట్టించింది. "పసుపు పసుపు తీరు కనవడకపోతె నువ్వేం గీస్తవే?" అంది. చివరికి ముందువైపంతా సన్నని చిల్లుల జాలీ ఉన్న డబ్బా ఎంచింది. "ఎండలకు గాలి ఆడాలె" అంది. బస్సులో తెర పెట్టెను పసిపిల్లలా ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. కిటికీలోంచి పొలాలు వెనక్కి పోతున్నాయి. ఆ ప్రయాణం ఇప్పటికీ కొన్నిసార్లు కలలో వస్తుంది, కలలో దిగాల్సిన ఊరు ఎప్పటికీ రాదు.

కోరుట్లలో, ఆపా దుకాణంలో చాప పరిచి బిగించాం. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. ఆ రెండింటికన్నా ముందే నేను కంప్యూటర్ బిగించి చూశాను. మీట నొక్కగానే చిన్నగా గాలి చప్పుడు, తెర మీద వెలుగు. ఆపా పసుపు రంగు పరిచి చూసింది. నిజంగా పసుపే.

సిరిసిల్ల తెచ్చాక కొన్నాళ్ళు మబ్బుల్లో తేలినట్టుంది. అవ్వ పక్కన మంచం మీద, బాపు గోడ అవతల సాంచాల దగ్గర, నేను పేర్ల చుట్టూ తీగలు అల్లుతూ. తర్వాత సరిగ్గా పెళ్ళిళ్ళ కాలంలో కంప్యూటర్ దానంతట అదే ఆరిపోవడం మొదలైంది. మళ్ళీ వెలిగిస్తే కాసేపే. చేసిన పని గాల్లో కలిసేది. తొలివాన కూడా పడింది, రేకుల చిల్లులోంచి నీళ్ళు గిన్నెలో టప్‌టప్‌మంటుంటే నాకు బాపు ముఖం చూడాలంటే భయమేసింది. ఆయన కోప్పడితే బాగుండేది. "అమ్ముదామా బిడ్డా, ఎంతొస్తె గంత?" అన్నాడు మెల్లగా. నేను ఏడుస్తూ ఆపాకు ఫోన్ చేశాను.

మర్నాడే బస్సెక్కి వచ్చింది. గడప లోపల కాలు పెట్టి అక్కడే ఆగిపోయింది. వాన వెలిసి ఎండ కాస్తోంది. మార్చని రేకు చిల్లులోంచి వెలుగు ఒక పట్టీలా దిగుతోంది, ఆ వెలుగులో సన్నని నూలు పీచు తేలుతోంది, నెమ్మదిగా, తెల్లగా. పుట్టినప్పటి నుంచీ ఆ గాలే పీల్చిన మాకు అది ఎన్నడూ కనిపించలేదు. "అరె! ఇంట్ల మంచు కురుస్తుందేంది?" అంది ఆపా. డబ్బా విప్పితే ఫ్యానుల నిండా దూది, బొంతలో కుక్కినట్టు. జాలీలోంచి పీల్చిన గాలి పీచునంతా లోపలికి తెచ్చింది. నేను ఆపా నవ్వుతుందనుకున్నాను. ఆమె బాపు వైపు తిరిగింది.

"తప్పు నాది అన్నా. పిల్లది గాదు, కంప్యూటర్‌ది గాదు. మా కోరుట్ల గాలి చూసి కొన్న, మీ ఇంటి గాలి చూడలే. ముందు ఇల్లు చూడాలె, నేను మర్చిపోయిన."

బాపు సాంచాలు తుడిచే బ్రష్షు తెచ్చి ఆపా చేతికిచ్చాడు. అంత అనుభవం ఉన్న మనిషి మా ఇంట్లో నిలబడి, ఏ సాకూ చెప్పకుండా, ఆ మాట అనడం చూసి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫ్యానులు తుడిచాక ఆపా మెడలోని పల్చటి చున్నీ తీసి, అవ్వను కత్తెర అడిగింది. "అయ్యో, కొత్తది గదా ఆపా!" అన్నాను. "మడత పెట్టి దాస్తె బట్ట ఎవలికి ఆసరైతది?" అంటూ కోసేసింది. అంచు కుట్టి, ఎలాస్టిక్ ఎక్కించి, జాలీకి తొడిగింది. మీట నొక్కగానే గుడ్డ కొంచెం లోపలికి లాగి సర్దుకుంది. "చూడు, ఊపిరి తీసుకుంటుంది" అని అప్పుడు నవ్వింది. మిగిలిన చున్నీ నా చేతిలో పెట్టి, పాతదైతే మార్చుకోమంది.

కంప్యూటర్ మళ్ళీ ఆరిపోలేదు. మరుసటి వానాకాలానికి రేకులు మారాయి, పత్రికల డబ్బుతోనే. పెళ్ళయి జగిత్యాల వచ్చాక కూడా ఆపాకే గీశాను, ఆమె పోయేదాకా. ఆ తర్వాత మిగిలిన చున్నీని ముట్టుకోలేదు. గుడ్డ చిరిగినప్పుడల్లా రఫ్ఫు చేసుకున్నానే గానీ బీరువాలోది తీయలేదు.

మొన్న ధర్మపురి నుంచి శ్రావణి అనే అమ్మాయి ఫోన్ చేసింది. ఫోటో ఆల్బమ్‌ల పని మొదలుపెడుతుందట, తక్కువలో ఏ సామాను కొనాలో చెప్పమంది. "ముందు మీ ఇల్లు చూపించు" అన్నాను. "కంప్యూటర్‌కు ఇల్లెందుకక్కా?" అని నవ్వింది. వెళ్ళి చూస్తే ముందుగదిలో వాళ్ళ నాన్న పిండి గిర్ని నడుస్తోంది. క్యాలెండరు మీద పిండి, పరదా మీద పిండి. ఆ పరదా వెనకే కంప్యూటర్ పెడతారట.

ఇంటికొచ్చి బీరువా తెరిచాను. చున్నీ ఇంకా లేత ఆకుపచ్చగానే ఉంది. కత్తెర పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. కోస్తే ఆమెది ఇంకేమీ మిగలదనిపించింది. మడత పెట్టి దాస్తే బట్ట ఎవరికి ఆసరా అన్న ఆమె మాట గుర్తొచ్చాక కోశాను.

సామాను బిగించిన రోజు శ్రావణి మీట నొక్కింది. గుడ్డ కొంచెం లోపలికి లాగి, సర్దుకుంది.

"ఇది ఎవలి చున్నీ అక్కా?" అని అడిగింది.

"మా ఆపాది" అన్నాను.