గడ్డానికీ మాస్కుకీ మధ్య

మొన్న బాగేపల్లిలో చిక్కబళ్ళాపురం బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. పక్క సీట్లో ఒకాయన వచ్చి కూర్చున్నాడు. బస్సు ఇంకా ఊరు దాటకముందే అతని చొక్కాలోంచి ఆ వాసన వచ్చింది. వేడెక్కిన కటింగ్ ఆయిలు వాసన. చొక్కా ఎంత ఉతికినా పోదు. సబ్బుతో రుద్ది కడిగిన చేతుల్లోనూ ఉండిపోతుంది, అన్నం కలుపుకుంటే అన్నానికీ అంటుతుంది. వేరేవాళ్ళయితే ముఖం అటు తిప్పుకునేవారేమో. నేను మాత్రం నోరు ఊరుకోక, "ఏ మిషనప్పా నీది?" అని అడిగేశాను. అతను నన్ను వింతగా చూసి, "గ్రైండింగు మిషనమ్మా. మీకెట్ల తెలిసె?" అన్నాడు. ఎట్లా తెలిసిందో చెప్పాలంటే శారదమ్మగారి గురించి చెప్పాలి. అది బస్సులో తెమిలే కథ కాదు. అందుకని అతనికి నవ్వి ఊరుకున్నాను, ఇక్కడ రాస్తున్నాను.

శారదమ్మగారిది చింతామణిలో పాత వ్యాపారుల కుటుంబం. వాళ్ళ ఇంట్లో తాతల కాలం నుంచి వేరుశనగ నూనె వ్యాపారమే. ఆమె ఒక్కతే ఆ దారి తప్పి, చిక్కబళ్ళాపురం బయట ఒక పెద్ద షెడ్డులో మిషన్లు పెట్టింది. మోటార్లకు, పంపులకు కావలసిన ఇనప భాగాలు కోసి, అరగదీసి పంపడం అక్కడి పని. కోసేటప్పుడు ఇనుము కాలిపోకుండా దాని మీద నూనె ధారగా పోస్తుంటారు. ఆ నూనె వేడికి, వేగానికి చిట్లి సన్నని మంచులాగా లేస్తుంది. "మావాళ్ళు నూనె డబ్బాల్లో పోసి అమ్మిరి, నేను ఇనుము మీద పోసి అమ్ముతాండా, అంతేమ్మా తేడా" అనేది. అరవై దాటిన మనిషి. నూలు చీర మీద నీలం కోటు వేసుకుని, జడను కోటు లోపలికి దోపుకుని షెడ్డంతా తిరిగేది. నేను ఆమె దగ్గర స్టోర్సు చూసుకునేదాన్ని. బోల్టుల నుంచి బొంతగుడ్డల దాకా కొనేది, లెక్కపెట్టేది, పంచేది నేనే.

ఆమెకు ఒక జబ్బు ఉండేది. ఎందుకు అని అడగకుండా ఉండలేకపోవడం. సామాను అమ్మడానికి వచ్చినవాళ్ళు కాఫీ తాగి పోదామనుకుని వచ్చి, ఆమె ప్రశ్నలకు చెమటలు కక్కి, కాఫీ చల్లారిపోయాక వెళ్ళేవాళ్ళు. "ఇది బెస్టు మేడం" అన్నారో, దొరికిపోయినట్టే. "ఎవరికి బెస్టప్పా? దేనికి బెస్టు?" అని మొదలుపెట్టేది. అందులో కోపం ఏమీ ఉండేది కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగేది. అదే వాళ్ళను ఎక్కువ భయపెట్టేది.

మాస్కుల సంగతి నరసింహప్పతో మొదలైంది. అతనిది చింతామణి తాలూకా కెంచార్లహళ్ళి. గ్రైండింగు మిషను మీద అతని చేయి పడితే పని అద్దంలా వచ్చేది. కొన్నాళ్ళుగా అతనికి దగ్గు పట్టుకుంది. ఇంట్లో ఉంటే కాస్త తగ్గుతుంది, షెడ్డుకు రాగానే మళ్ళీ లేస్తుంది. డాక్టరు పరీక్ష చేసి, ఈ నూనె పొగ ఇట్లాగే పీలుస్తూ ఉంటే ఊపిరితిత్తులు చెడిపోతాయి, చెడిపోయాక బాగుచేయలేము అని చెప్పేశాడు. అతను ఒకరోజు నా కిటికీ దగ్గరికి వచ్చి, "అమ్మా, ఇంకొక మాస్కియ్యి. ఇది తడిసిపోయె" అన్నాడు. పొద్దున ఇచ్చినదే. కరోనా రోజుల్లో కొని మిగిలిపోయిన ఎన్95 మాస్కుల పెట్టెలు ఉంటే, అవే అందరికీ ఇస్తున్నాము. అంత పెద్ద జబ్బును ఆపినవి నూనెను ఆపవా అని మా అందరి ధీమా.

శారదమ్మగారు ఆ తడిసిన మాస్కును నా చేతిలోంచి తీసుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది, వాసన చూసింది. తర్వాత కత్తెర అడిగింది. ఒక కొత్త మాస్కును, ఈ తడిసిన దాన్ని, రెండింటినీ పొరలు పొరలుగా విప్పి నా బల్ల మీద పరిచింది. మిషన్లు ప్యాక్ అయి వచ్చిన పెట్టెలోంచి థర్మోకోల్ తీసి పొడి చేసింది. కొత్త మాస్కు మధ్య పొరను ఆ పొడి మీదికి తెస్తే, చిన్నప్పుడు దువ్వెన తలకు రుద్ది కాగితం ముక్కలు లేపినట్టు, పొడి ఎగిరి దానికి అంటుకుంది. తడిసిన మాస్కు పొరకు ఒక్క పలుకు కూడా లేవలేదు. ఆమె మొహం వెలిగిపోయింది. "చూడమ్మా లతా! దీంట్లో కరెంటు మాదిరి ఏమో ఉండాది, అదే దుమ్మును లాగి పట్టుకుంటాది. నూనె తగిలితే ఆ గుణం పోతాండాది. మనం నరసింహప్ప మూతికి ఉత్త గుడ్డ కట్టి పంపిస్తాండాము" అంది. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం నవ్వు ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరం పెట్టెల మీది చిన్నచిన్న అక్షరాలు చదువుతూ, బెంగుళూరు డీలరుకు ఫోన్లు చేస్తూ కూర్చున్నాము. చివరికి తేలింది ఇది: మా దగ్గరున్న ఎన్ రకం నూనె లేని దుమ్ముకే. ఆర్ రకం నూనెను తట్టుకుంటుంది కానీ ఒక షిఫ్టు దాకానే. పి రకం నూనెలోనూ ఎక్కువసేపు నిలుస్తుంది, అదైనా ఎప్పుడు మార్చాలో తయారుచేసినవాళ్ళు చెప్పినట్టు వినాలి. డీలరు, "ఎన్95 అయితే చీపుగా వస్తుంది మేడం, అందరూ అదే తీసుకుంటారు" అన్నాడు. "అందరి మిషన్ల మీదా నూనె పోస్తారాప్పా?" అని అడిగింది ఆమె. పి రకం తెప్పించాము. నరసింహప్పకు మొదటి మాస్కు ఆమే తొడిగి, ముక్కు మీద తీగె నొక్కి సరిచేసింది.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. అంతలో కార్తీకమాసం వచ్చింది. మా షెడ్డులో మిషను పట్టేవాళ్ళలో చాలామంది అయ్యప్ప మాల వేసుకుంటారు. నల్లబట్టలు, నుదుట విభూతి, ఉత్త కాళ్ళు. ఉత్త కాళ్ళతో షెడ్డులోకి రానివ్వనని ఆమె గట్టిగా చెబితే, బూట్లకు మాత్రం మాల వేసిన గురుస్వామి దగ్గర అనుమతి తెచ్చుకున్నారు. మాల వేసుకున్నాక గడ్డం తీయకూడదు. నరసింహప్ప ఆ ఏడాది మొదటిసారి వేసుకున్నాడు. రోజురోజుకీ అతని గడ్డం పెరుగుతోంది, దగ్గు మళ్ళీ మొదలైంది. శారదమ్మగారికి నిద్రపట్టలేదు. మాస్కు మంచిదే, మరి నూనె లోపలికి ఎట్లా పోతోంది?

మాస్కు ముఖానికి సరిగ్గా అతుక్కుందో లేదో చూసే పరికరం ఒకటి బెంగుళూరు నుంచి తెప్పించింది. తల మీద ఒక సంచిలాంటి ముసుగు వేస్తారు. దానికున్న చిన్న రంధ్రంలోంచి చేదు మందు తుంపరగా కొడతారు. మాస్కు బాగా అతుక్కుంటే చేదు తెలియదు, సందు ఉంటే నాలుక మీద చేదు తగులుతుంది. నరసింహప్ప ముసుగు చూసి వెనక్కి జరిగాడు.

"అమ్మా, నేను దీక్షలో ఉండా. నోట్లో ఏమన్నా పడితే యెట్ల?"

మాలలో ఉన్నవాళ్ళను పేరు పెట్టి పిలవకూడదు. "నిజమే స్వామీ" అందామె. "ఆగు, కనుక్కుంటా." అక్కడికక్కడే చింతామణిలోని వాళ్ళ గురుస్వామికి ఫోను కలిపింది. ఏం మందు, ఎంత మందు, ఎందుకు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. ఆయన అంతా విని, "చేదే కదమ్మా. నాలుకకి ఇష్టమని తినేది కాదు గదా. కానీయండి, స్వామి ఏమనుకోడు" అన్నాడు. ఆమెకు ఆ జవాబు ఎంత నచ్చిందంటే, సాయంత్రం దాకా కనిపించినవాళ్ళందరికీ చెప్పింది.

ముందు మాస్కు లేకుండా కొట్టాము, అతనికి చేదు తెలుస్తుందో లేదో చూడడానికి. మొహం చిట్లించాడు. తర్వాత మాస్కు తొడిగి కొట్టాము. తల ఒక పక్కకు తిప్పాడో లేదో, "చేదు" అన్నాడు. పట్టీలు బిగించి మళ్ళీ చేశాము. "చేదు." నేను రెండు మాస్కులు ఒకదాని మీద ఒకటి వేద్దామన్నాను. అదీ చూద్దామంది. "ఇంకా చేదే అమ్మా." గడ్డం తీసిన ఇంకొకతనికి అదే రకం మాస్కు తొడిగి కొడితే, అతను ఏమీ తెలియక దిక్కులు చూస్తూ నిలబడ్డాడు. తప్పు మాస్కుది కాదు, గడ్డానికీ మాస్కుకీ మధ్య ఉన్న సందుది.

నరసింహప్ప ముసుగు తీసి, మిషను పక్కనున్న బల్ల మీద కూలబడ్డాడు. "అమ్మా, ఈ దగ్గు పోవాలనే కదా నేను మాల యేసుకొనిండేది" అన్నాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏ దేవుడినైతే ఊపిరి నిలపమని మొక్కుకున్నాడో, ఆ మొక్కే ఊపిరికి అడ్డం వస్తోంది. గడ్డం తీసి ఏదైనా పరిహారం చేసుకోవచ్చేమో అని నా నోటిదాకా వచ్చింది. నా మొహం చూసే కనిపెట్టిందేమో, ఆమె ముందే అనేసింది. "గడ్డం తీయమని నేనడగను స్వామీ. నువ్వు తీస్తానన్నా ఒప్పుకోను. రేపట్నించి నువ్వు ఆ పక్క గదిలో కొలతలు చూసే పని చెయ్యి. అక్కడ నూనె లేదు."

"మరి నా మిషను? ఎవరు నడుపుతారు?"

"నేను నడుపుతా. నాకి గడ్డం లేదు కదా!"

అందరం నవ్వాము. కానీ ఆమె నవ్వులాటకు అనలేదు. మర్నాడు పి రకం మాస్కు కట్టుకుని ఆ మిషను ముందు నిలబడింది. మొదట్లో నేర్చిన పనే, చేయి మరిచిపోలేదు. గడ్డంవాళ్ళ కోసం మోటారుతో శుభ్రమైన గాలి ఊదే టోపీ ఒకటి ఉందని డీలరు చెబితే దానికీ ఆర్డరు పెట్టించింది. అది రావడానికి చాలా రోజులు పడుతుందన్నారు. ఈలోపు ఆమె మిషను ముందు, నేను ఆమెకు మధ్యమధ్య మజ్జిగ పట్టుకుపోతూ.

ఒక పూట నేను వెళ్ళేసరికి ఆమె మిషను ఆపి, కదలకుండా నిలబడి ఉంది. ఒంట్లో బాగోలేదేమో అని కంగారుపడ్డాను. "ఇట్ల రామ్మా, నువ్వూ మాస్కు కట్టుకొని నా పక్కన నిలబడు" అంది. మిషను మళ్ళీ నడిపింది, ముక్క పని అయ్యి అది ఆగింది. ఆగీ ఆగగానే ఆమె మిషను ముందున్న తలుపు లాగింది. లోపల నిండి ఉన్న నూనె మంచు ఒక్కసారిగా మా మొహాల మీదికి వచ్చింది. ఆ తర్వాత వేలాడుతున్న గాలి గొట్టం తీసి, ఇనప ముక్క మీది నూనె పోవడానికి బుస్సుమని ఊదింది. మళ్ళీ మంచు, అదీ నేరుగా కళ్ళకూ ముక్కుకూ. "ఇట్లే చేస్తాండారు అందరూ. పనిలో చేయి తిరిగినోడు ఇంకా బిరీన తలుపు తీస్తాడు, ఇంకా గట్టిగా ఊదుతాడు. నరసింహప్ప అందరికన్నా మంచి పనోడు. అందుకే అందరికన్నా ఎక్కువ పీల్చినాడు" అంది. "మనం ఇన్నాళ్ళూ ఏ మాస్కు అని అడుగుతాండాము. ఈ నూనె ముక్కుదాకా ఎందుకొస్తాదని ఒక్కరమూ అడగలేదు. నేనూ అడగలేదు!" అడగనందుకు తన మీద తనకే ఆశ్చర్యం. కొత్త ప్రశ్న దొరికినందుకు సంబరం కూడా.

ఆ వారంలోనే పనులు మొదలయ్యాయి. లోపలి మంచును పీల్చి వడకట్టే ఫ్యాను ప్రతి మిషనుకూ పెట్టించింది. మంచు పూర్తిగా లాగేసేదాకా తలుపు తెరుచుకోకుండా తాళంలాంటిది పెట్టించింది. గాలి గొట్టాలు పీకించేసి, ముక్కల్ని ఇనప జల్లెడ మీద పెట్టి, నూనె కారిపోయాక తుడిచే పద్ధతి తెచ్చింది. పని నెమ్మదించిందని మొదట్లో అందరూ గొణిగారు. ఆమె విననట్టే తిరిగింది. మాస్కులు మాత్రం తీయనివ్వలేదు. "ఫ్యాను చెడిపోయిన రోజు మాస్కే దిక్కు" అనేది.

నరసింహప్ప ఆ ఏడాది కొండ ఎక్కేటప్పుడు దారిలో చాలాసార్లు కూర్చోవలసి వచ్చిందని తిరిగొచ్చి చెప్పాడు. మరుసటి ఏడాది మళ్ళీ మాల వేసుకున్నాడు. ఈసారి టోపీ సిద్ధంగా ఉంది. నల్లబట్టల మీద ఆ గాలి టోపీ పెట్టుకుంటే పిల్లలు చూస్తే దడుచుకునేలా ఉండేవాడు. కొండ నుంచి వచ్చిన రోజు నేరుగా షెడ్డుకే వచ్చి, ఆమె చేతిలో ప్రసాదం పెట్టి, "ఈసారి యాడా కూసోలేదమ్మా. అంతా స్వామి దయ" అన్నాడు. నాకు కొంచెం ఉక్రోషం వచ్చింది. అంతా స్వామేనా, మిషను ముందు నిలబడ్డ ఈమె ఏమీ కాదా అని. ఆమె ప్రసాదం కళ్ళకద్దుకుని, "అవునప్పా, స్వామి దయే. ఫ్యాను ఫిల్టరు మార్చే రోజు వచ్చె, అది మాత్రం నువ్వే మార్చు" అంది.

శారదమ్మగారు ఆ తర్వాత ఎక్కువకాలం లేరు. గుండెజబ్బుతో చింతామణిలోనే పోయారు. నేను వెళ్ళేసరికి పాడె కడుతున్నారు. నరసింహప్ప ఆమె తమ్ముళ్ళ దగ్గరికి పోయి చేతులు జోడించి, మోయడానికి ఒక కొమ్ము నాకివ్వండి అని అడిగాడు. వాళ్ళు ఒక్క క్షణం ఒకరి మొహం ఒకరు చూసుకుని, పక్కకు జరిగి చోటిచ్చారు. ఎండ మండిపోతోంది. వీధి ఎత్తుగా ఉంటుంది అక్కడ. ఆడవాళ్ళం మలుపు దాకా వెనక నడిచి ఆగిపోయాము. ఏడుపుల మధ్య, తప్పెట చప్పుడు మధ్య, నేను ఒక్క చప్పుడు కోసం చెవి పెట్టి ఉన్నాను. ఎత్తు ఎక్కి, వాళ్ళు కనుమరుగయ్యేదాకా నరసింహప్ప భుజం మార్చలేదు, ఒక్కసారి కూడా దగ్గలేదు.

ఇప్పుడు ఊరూరా కార్ఖానాలు తిరిగి పనివాళ్ళ రక్షణ సంగతి చూడడమే నా ఉద్యోగం. వెళ్ళిన ప్రతిచోటా మేనేజరు ముందుగా అడిగేది, ఏ మాస్కు కొనమంటారు అనే. చెబుతానండీ అని, షెడ్డు మధ్యలోకి వెళ్ళి, మాటలు ఆపి నిలబడతాను. ఆ మిషన్ల హోరులో ఎవరు దగ్గుతున్నారో వింటాను. విని, అతని పక్కకు వెళ్ళి నిలబడతాను.