గేటు దగ్గర తప్పెటగుళ్లు

సెక్రటరీ గారి మాట నమ్మి ఇంకొకరికి మాటివ్వడమంత తెలివితక్కువ పని నేను జీవితంలో మరొకటి చెయ్యలేదు. చేశానేమో గాని, వాటికి ఇంతమంది సాక్షులు లేరు.

అరవైల చివర విజయనగరంలో నేను వయొలిన్ నేర్చుకుంటున్నాను. నేర్చుకుంటున్నానన్నది నా మాట. ఇరుగుపొరుగువారు వేరే మాట అనేవారు. ఊళ్లో మాదొక సంగీత సంఘం. అందులో సభ్యత్వం తీసుకుంటే సభ్యత కూడా దాంతోపాటే వస్తుందనుకున్నాను. మా మృదంగం అరవం మాట్లాడే రైల్వే గుమాస్తాది, తబలా సాయిబు గారిది. ఒక బెంగాలీ డాక్టరు గారి భార్య పాడేది. ఏటా ఒరియా భజన పాడే మిఠాయి కొట్టాయన కూడా ఉండేవాడు. "మన వేదిక మీద అన్ని భాషలకూ చోటుంది" అని సెక్రటరీ గారు ప్రతి సభలోనూ చెప్పేవారు. ఆయన ప్లీడరు. ఆయన చేతిలో రెండు తాళాలుండేవి: తొడ మీద వేసేదొకటి, హాలుకు వేసేదొకటి. మొదటిది అప్పుడప్పుడు తప్పేది. రెండోది ఎన్నడూ తప్పలేదు.

ఆ ఏడు వార్షికోత్సవంలో తప్పెటగుళ్లు పెడదామన్నాను. చీపురుపల్లి దగ్గర ఒక గొల్లల దళం ఉండేది. గుండెల మీద రేకు తప్పెటలు కట్టుకుని రెండు చేతులా వాయిస్తూ, కాళ్ల గజ్జెలు ఘల్లుమనేలా ఎగురుతూ దేవుడి కథలు పాడేవారు. సంతలో వాళ్లను చూశాక నా వయొలిన్ మీద నాకే జాలేసింది.

"తప్పకుండా పిలువు" అన్నారు సెక్రటరీ గారు. వేదిక మీదేనా అని అడగాలని నాకు తోచలేదు. తోచకపోగా, ఆ ఊరు వెళ్లి దళం గురువుతో "వేదిక మీదే" అని ఢంకా బజాయించి వచ్చాను.

గురువు ముసలివాడు. "సంతల్లో ఆడినాం, కళ్లాల్లో ఆడినాం, పెళ్లిళ్లలో ఆడినాం బావూ. కప్పు కింద, కుర్సీల్లో కూకున్నోళ్ల ముందు ఒక్కపాలి ఆడాలని ఉన్నాది. మా నాయిన్ని మీ హాలు గుమ్మం దాటనివ్వనేదు" అన్నాడు.

ఉత్సవం నాటి సాయంత్రం దళం రైలు దిగి హాలుకు వచ్చింది. సెక్రటరీ గారు గేటు దగ్గరే ఆపారు.

"ఇక్కడ ఆడండి. ముఖ్య అతిథి గారికి స్వాగతం బాగుంటుంది. కారు రాగానే ఆపేసి వెళ్లిపోవచ్చు."

"వేదిక మీద కదండీ?" అన్నాను.

"ఎగిరితే బల్లలు విరుగుతాయోయ్. పైగా ఇది సభ, సంత కాదు."

కిందటేడు కలకత్తా నుంచి వచ్చిన నృత్య బృందం అదే వేదిక మీద గంటసేపు గెంతింది. అప్పుడు బల్లలు కిక్కురుమనలేదు. అన్ని భాషలకూ చోటున్న చోట మా పక్క ఊరి భాషే బరువైపోయింది.

గురువు నా వైపు తిరిగాడు. "ఏటి బావూ, గుమ్మంకాడ కాపలాకా మమ్మల్ని పిలిసినావు?"

నాకు మాట రాలేదు. ఉన్న మాట ఆయనకు ఎప్పుడో ఇచ్చేశాను మరి.

"పద మావా, తిరుగు బండి ఉన్నాది" అన్నాడు దళంలో ఒకడు.

"ఎల్లడమేటి? ఆడమన్నారు గదా!" గురువు తప్పెట బిగించుకున్నాడు. నన్ను దగ్గరికి పిలిచి గొంతు తగ్గించాడు. "దేవుడి పాట ఎత్తుకుంటే మంగళం పాడిందాకా మేం ఆపకూడదు. ఆ సంగతి మీ పెద్దబావుకి సెప్పినావా?"

"లేదు."

"సెప్పకు."

పాట ఎత్తుకున్నారు. కాసేపటికి కారు వచ్చింది. సెక్రటరీ గారు దండ పట్టుకుని ఎదురెళ్లి "ఇక చాలు" అన్నారు. దళం వినలేదు. గేటు నిండా వాళ్లే. కారు హారను కొడితే అది కూడా తాళంలో కలిసిపోయింది. అతిథి కోసం హాల్లో ఆవలిస్తున్న జనం ఒక్కొక్కరే బయటికొచ్చారు. మృదంగం గుమాస్తా వేళ్లు వాటంతటవే ఆడుతున్నాయి. సాయిబు గారు "వహ్వా" అంటున్నారు. డాక్టరు గారి భార్య మెట్ల మీదే చతికిలబడింది. అతిథి కారు దిగి, లోపలికి దారి లేక, బానెట్‌కు ఆనుకుని సిగరెట్టు వెలిగించుకున్నాడు.

సెక్రటరీ గారు నా మీదికి పరుగెత్తుకొచ్చారు. కోపంలో కోర్టు తెలుగు జారిపోయి, పుట్టినూరి తెలుగు బయటపడింది.

"ఒరే, ఆపమని సెప్పరా! సూడు, దండ వాడిపోతన్నాది!"

"మంగళం కావాలండీ. దేవుడి పాట మధ్యలో ఆపిస్తే మీకే మంచిది కాదు" అన్నాను.

అని ఊరుకోలేదు. గురువు కోరిన కప్పు మోసుకురావడం నా వల్ల కాదు గనక, హాల్లోంచి కుర్చీలు మోసుకొచ్చాను. ముందు వరస పేముకుర్చీలన్నీ వీధిలో వేసి జనాన్ని కూర్చోబెట్టాను. సాయిబు గారూ గుమాస్తా కూడా చెయ్యి వేశారు. ఎదురుగా కుర్చీలు బారుతీరడం చూసి ముసలి గురువు ఎగిరిన ఎగురు, దళంలో పడుచువాళ్లు కూడా ఎగరలేకపోయారు.

కథ అయింది. గురువు చెమట తుడుచుకుని నా వైపు చూశాడు.

"మంగళం పాడీమంటావా బావూ?"

సెక్రటరీ గారి ముఖంలోకి ప్రాణం వచ్చింది. దండ సర్దుకుని ఒక అడుగు ముందుకు వేశారు.

"ఇంకో కథ ఉంది కదా గురువుగారూ," అన్నాను. "అది కూడా కానివ్వండి."