తీస్రమ్మ ఇంటిపేరు

మొన్న ఎండాకాలంలో ఆధార్ కార్డులో పేరు సరిచేయించడానికి మనుమరాలు నన్ను వెంటబెట్టుకొని పోయినప్పుడు, కంప్యూటరు ముందు కూర్చున్న అబ్బాయి తల ఎత్తకుండానే ఇంటిపేరు పూర్తిగా చెప్పమన్నాడు. పెళ్ళయి డెబ్బై ఏళ్ళు దాటినదాన్ని, అత్తవారి ఇంటిపేరు చెప్పబోయి పుట్టింటిది చెప్పేశాను. పడుగుల అని. మనుమరాలు నవ్వి సరిదిద్దింది, ఆ అబ్బాయి విసుక్కుంటూ చెరిపి మళ్ళీ కొట్టుకున్నాడు. ఇంటికొచ్చాక ఆ పూటంతా నాకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే ఎటు పోవాలో తెలియలేదు. మా కాలంలో ఆడపిల్లలకు ఇంటిపేరు ఒకటి పోయి ఇంకొకటి వచ్చేది, ఏది మనదో ఎవరూ అడిగేవారు కాదు. కానీ ఒక్కసారి మాత్రం, ఎవరిదో ఇంటిపేరు తేలక నా ప్రాణం మా ఇంటి గడప దగ్గర ఆగిపోయింది. ఆ రోజే మనసులో మెదులుతూ ఉండిపోయింది.

అప్పటికి నాకు పదిహేడేళ్ళు ఉంటాయేమో. గద్వాల ఇంకా సంస్థానంగానే ఉంది, ఎక్కడో పెద్ద యుద్ధం జరుగుతున్నదని పెద్దవాళ్ళు చెప్పుకొనేవారు. తొలి కాన్పుకని అమరచింత నుంచి కృష్ణ దాటి పుట్టింటికి వచ్చాను. మా నాయన గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు, ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ మాత్రం పట్టు. నేనూ పెళ్ళికి ముందు ఆ గుంటలో కాళ్ళు పెట్టి మూరలకు మూరలు నేసినదాన్నే కాబట్టి, ఊరికే కూర్చోవడం నాకు శిక్షలాగా ఉండేది. కడుపుతో ఉన్నదాన్ని గుంటలో దిగవద్దని మా అమ్మ కట్టడి చేసింది. ఇక గడప నుంచి పెరడుకు, పెరడు నుంచి గడపకు తిరుగుతూనే ఉండేదాన్ని. నా తిరుగుడు చూసి నాయన మగ్గం ఆపి, ఒకచోట కూలబడమని బతిమాలేవాడు.

ఆ రోజుల్లోనే మా ఊరి చిన్న దవాఖానకు కొత్త నర్సమ్మ వచ్చింది. ఫ్రెంచి వాళ్ళ ఏలుబడిలో ఉన్న యానాం నుంచి వచ్చిందన్నారు. తెల్లదొరసాని అనుకొని చూడబోయినవాళ్ళకు మనలాగే చామనఛాయలో ఉన్న ముప్పై ఏళ్ళ మనిషి కనిపించింది, పెళ్ళి కాలేదు, మాట గోదావరి మాట. ఆమె ఇంటిపేరును అక్కడి కాంపౌండరు 'తీస్రా' అని చదివాడు. ఉర్దూ తెలిసిన ఊరు కదా, తీస్రా అంటే మూడోది. అంతే, ఒకరు మూడో పెళ్ళాం బిడ్డ అన్నారు, ఇంకొకరు మూడో మొగుణ్ణి వదిలేసి వచ్చిందన్నారు, చివరికి ఆమె తీస్రమ్మ అయి కూర్చుంది. మందునీళ్ళ కోసం రెండుసార్లు పోయినప్పుడు అసలు సంగతి అడుగుదామని నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేకపోయాను. ఇంటికొచ్చి, ఎందుకు అడగలేదా అని మళ్ళీ గడపకూ పెరడుకూ తిరిగాను.

నొప్పులు ఒక తెల్లవారుజామున మొదలయ్యాయి. ఆ పగలు గడిచింది, రాత్రి గడిచింది, మర్నాడు ఎండ నడినెత్తికి వచ్చినా బిడ్డ కదలలేదు. మంత్రసాని చేతులు కడుక్కొని, ఇక తన వల్ల కాదని గోడకు చేరగిలబడింది. నాయన ఎవరికీ చెప్పకుండా దవాఖానకు పరుగెత్తి నర్సమ్మను పిలుచుకొచ్చాడు. అయితే అంతకు రెండు రోజుల ముందే మా అత్త పుట్టిలో నది దాటి, బండి కట్టించుకొని వచ్చి ఉంది. ఆమె లేచి గడపకు అడ్డంగా నిలబడింది. లోపల చాప మీద పడి ఉన్న నాకు ఆమె వీపు, ఆ పక్కనుంచి ఎండలో తెల్లచీర అంచు కనిపిస్తున్నాయి.

"ఏ ఇంటిదో తెల్వదు, ఏ కులమో తెల్వదు. నా కోడలును ముట్టనియ్య" అంది అత్త.

"అక్కా, నీ కాళ్ళు మొక్కుత, పిల్ల పోతది" అన్నాడు నాయన.

అత్త ఆయన వైపు చూడలేదు. "ఏమమ్మా, నీ ఇంటిపేరేంది? తీస్రా అంటే ఏంది, చెప్పు ముందుగాల."

"తీస్రా కాదమ్మగారూ, తిస్రాఁ. మాది నేత పేరండి" అంది ఆమె. గొంతులో తొందర ఉంది గానీ విసుగు లేదు. "మా తాత యానాంలో మగ్గం నేసేవాడు. ఫ్రెంచోళ్ళ చట్టం కిందకి రావాలంటే దస్తరంలో ఇంటిపేరు రాయించుకోవాలన్నారంట. మా తాత చెప్పింది ఆ గుమాస్తాకి నోరు తిరగలేదు. ఏం పని చేస్తావన్నాడు. బట్ట నేస్తానన్నాడు. బట్ట నేసేవాణ్ణి వాళ్ళ భాషలో తిస్రాఁ అంటారు, అదే రాసేశాడు."

అత్త గడప వదలలేదు. "నేతోళ్ళ బిడ్డవైతే నీకు మగ్గం వస్తదా?" అని అడిగింది.

అవునంటే సరిపోయేది. ఆ గడప మీద మగ్గం తెచ్చి పరీక్ష పెట్టేవాళ్ళెవరు? కానీ ఆమె, "రాదండి. మా నాన్నకే రాదు, ఆయన కచేరీలో రాతపని చేశాడు. మాకు పేరొక్కటే మిగిలింది. నాకు వచ్చింది ఈ పనే" అంది.

అత్త పక్కకు జరిగింది.

ఆ తర్వాతి గంట గురించి నేను చెప్పలేను, నాకు తెలిసింది తక్కువ. వేడినీళ్ళ ఆవిరి, నా మోకాళ్ళను అదిమిపట్టిన అత్త చేతులు, గోదావరి యాసలో ఆగకుండా నన్ను బుజ్జగించిన ఆ గొంతు, ఇంతే. బిడ్డ నీలంగా పుట్టింది, ఏడవలేదు. ఆమె తలకిందులుగా పట్టి, వీపు మీద చరిచి, నోట్లో నోరు పెట్టి ఊదింది. బయట నాయన మగ్గం గుంట గట్టు మీద తల పట్టుకొని కూర్చున్నాడట. పిల్ల ఏడుపు వినబడగానే ఆయనా ఏడ్చాడని అమ్మ తర్వాత చెప్పింది. ఆ పిల్లే నా పెద్దకూతురు.

అంత పట్టుదల మనిషివి ఎట్లా మెత్తబడ్డావని బాలింతగా ఉన్నప్పుడు ఒకనాడు అత్తను అడిగాను. "రానిదాన్ని రాదని చెప్పింది. గట్ల చెప్పినామె, వచ్చిన పని వస్తదంటే నమ్మొద్దా?" అని, ఇక ఆ మాట పొడిగించకుండా పిల్లకు నూనె రాయడంలో మునిగిపోయింది.

నర్సమ్మ మూడు వారాలు వచ్చిపోయింది. మగ్గం పక్కన పీట వేసుకొని కూర్చుంటే నాయన ఆ పేరు సంగతులన్నీ అడిగేవాడు. ఫ్రెంచి దేశంలో అటువంటి పేరున్నవాళ్ళు ఊరూరా ఉంటారని, ఒక్కో వైపు ఒక్కో తీరుగా, తిసియే అనీ తెక్సియే అనీ పలుకుతారని, అన్నిటికీ అర్థం నేతగాడేనని ఆమె చెప్పింది. ఎనకటి రోజుల్లో పనిని బట్టి మనిషిని పిలిచిన పిలుపులే పిల్లలకు ఇంటిపేర్లుగా నిలిచిపోయాయట. నాయనకు పట్టరాని సంతోషం. మన కులపోళ్ళు గన్ని మంది ఉన్నారా అని మురిసిపోయి, ఇప్పుడు వాళ్ళంతా ఏమేం నేస్తున్నారని అడిగాడు. ఎవరూ నేయరని, రొట్టెలు కాల్చేవాళ్ళూ బళ్ళో చదువు చెప్పేవాళ్ళూ ఉన్నారని, బట్టల సంగతి మరలు చూసుకుంటాయని ఆమె మామూలుగా చెప్పేసింది. నాయన నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో ఆగిపోయి, ఆయన చాలాసేపు, పోగును అటూ ఇటూ దాటించే నాడెను చేతిలోనే పట్టుకొని కూర్చున్నాడు.

కొన్నాళ్ళకు ఆమెను వనపర్తికి మార్చారు. పిల్లను ఎత్తుకొని చూడబోదామని పోరు పెట్టి పెట్టి, చివరికి బయల్దేరేసరికి ఏడాది అయింది. అక్కడికి పోతే నాగర్‌కర్నూల్ పోయిందన్నారు. అక్కడికీ పోదామంటే మా ఆయన ఒప్పుకోలేదు. తర్వాత సంస్థానాలు పోయాయి, నిజాం పోయాడు, ఆమె జాడ చెప్పేవాళ్ళు దొరకలేదు. ఇప్పటికీ నాగర్‌కర్నూల్ పేరు ఎక్కడ వినబడినా, అప్పుడు ఒప్పుకోకున్నా పోవలసింది అని ఒంట్లో ఏదో కదులుతుంది.

నా కొడుకులు బళ్ళో పంతుళ్ళయ్యారు, తమ్ముడి మనుమలు పడుగుల అని రాసుకుంటారు గానీ పడుగు అంటే మగ్గానికి నిలువునా కట్టే నూలని వాళ్ళకు తెలియదు. వాళ్ళను తప్పుపట్టను, మగ్గం రెక్కల కష్టం నాకు తెలుసు, తప్పించుకున్నందుకు సంతోషమే. కానీ దూరదేశం వింతలాగా ఆమె చెప్పింది, మేము వింతలాగానే విన్నాం, చూస్తూ చూస్తూ అది మా ఇంటి కథే అయింది. ఆమెకు అప్పటికి పిల్లలు లేరు, తర్వాతి సంగతి తెలియదు. తీస్రమ్మ అని పిలిచినవాళ్ళంతా పోయారు. ఆమె నేర్పినట్టు, చివరి అక్షరాన్ని ముక్కులోనే ఆపి ఆ పేరును సరిగ్గా పలకగలిగేది మావైపు నేనొక్కదాన్నే మిగిలాను, నన్ను ఎవరూ అడగరు.