కోటయ్య బాబాయ్ మీద పడిన ఎర్ర మరక

అర కిలో నూలుకు పసుపు రంగు వేయబోయి ముప్పయ్యేళ్ళ కాపురంలో చిచ్చు పెట్టిన మనిషిని నేను. ఆ కాపురం నాది కాదు, మా ఇంటి ఓనర్లది.

నాకు ఇరవై ఆరేళ్ళు. నరసరావుపేట నుంచి పిడుగురాళ్ళకు సైన్సు టీచరుగా బదిలీ అయి, రెండు నెలలు ఇంటి కోసం తిరిగి తిరిగి కోటయ్య బాబాయ్, అనసూయ పిన్ని వాళ్ళ కింది వాటాలో దిగాను. ఆ ఇల్లంటే నాకు ప్రాణం. ఊరి చుట్టూ సున్నం బట్టీలు. గాలి ఇటు తిరిగితే గుమ్మాలూ చెట్లూ తెల్లబడతాయి. ఈ ముక్క మీరు గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

మా అక్క కూతురికి అన్నప్రాశన దగ్గరపడింది. కెమికల్ రంగుల బట్టలు వేస్తే పాపకు ఒళ్ళంతా దద్దుర్లు వస్తున్నాయని అక్క బాధపడుతుంటే, "నూలుకు ఇంట్లోనే రంగేసి గౌను నేనే అల్లుతా" అని మాటిచ్చాను. ఫోన్లో రెండు వీడియోలు చూసినవాళ్ళకు వచ్చే ధైర్యం అది.

ఆదివారం పొద్దున పసుపు కొమ్ములు దంచి, పటిక వేసి, నూలు చుట్టలు, అదే చిలపలు, ఉడికించి, పెరట్లో తీగ మీద ఆరేశాను. కూర వండుకుని వచ్చేసరికి పచ్చటి పసుపు మీద ఎర్రెర్రటి చుక్కలు. తలెత్తితే సరిగ్గా పైన బాల్కనీలో కోటయ్య బాబాయ్. ఆయన కిళ్ళీల సంగతి వీధంతా ఎరిగిందే. ఇక రుజువులెందుకు?

"పిన్నిగారూ, బాబాయిగారు పైనుంచి ఉమ్మేశారండీ."

అనసూయ పిన్ని చేతిలో చాట పక్కన పెట్టింది. "ఏందమ్మాయ్ నువ్వనేది? కోటప్పకొండ మెట్ల మీద ఒట్టేసి కిళ్ళీ మానేసిన మనిషాయన. ఆర్నెల్లయింది."

"మరి ఈ మరకలేందండీ?"

"ఏమయ్యా, ఉమ్మావా?" అని పిన్ని పైకి కేకేసింది.

బాబాయ్ తల అడ్డంగా ఊపాడు, నోరు మాత్రం విప్పలేదు. అది తప్పు చేసినవాడి మౌనమని నేననుకున్నాను. పరువున్న మనిషి మౌనమని పిన్ని అనుకుంది. ఇద్దరం తెలివైనవాళ్ళమే.

గోడ పక్కన ఇరుగుపొరుగు చేరారు. పిన్ని పిలిస్తే బాబాయ్ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని కిందికొచ్చాడు.

"కిళ్ళీ మరక సబ్బుకు పోదండీ. అందరి ముందూ ఉతికి చూపిస్తా" అన్నాను.

"ఉతుకు. ఆయన మరకేనని తేలితే ఆయనకు ఈ ఇంట్లో అన్నం లేదు. కాదని తేలితే ఒకటో తారీఖుకు నువ్వు ఇల్లు ఖాళీ చెయ్యి."

బకెట్లో ముంచి బట్టల సబ్బు పెట్టి రుద్దాను. చుక్కలు పెద్దవయ్యాయి. ఇంకా రుద్దాను. చూస్తుండగానే చిలపా, నా రెండు చేతులూ, బకెట్లో నీళ్ళూ పెళ్ళికూతురి పారాణిలా ఎర్రబడ్డాయి.

పిన్ని బకెట్లోకి వంగి చూసింది. "ఇందులో కూడా ఆయనే ఉమ్మాడా అమ్మాయ్?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు ఏడో తరగతి సైన్సు పుస్తకం. సున్నం తగిలినా, సబ్బు తగిలినా పసుపు ఎర్రబడుతుంది. చుక్కలు వేసింది బట్టీల దుమ్ము, మిగతాది నేను. ఆ పాఠం అంతకు ముందు బుధవారమే బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పాను. పురాణంలో వంకాయ వేరు, ఇంట్లో వంకాయ వేరు కదా.

"తప్పు నాదేనండీ" అన్నాను. మళ్ళీ ఇళ్ళ వేట మొదలు.

పిన్ని కళ్ళు చెమర్చాయి. "చూశారుగా అందరూ. మా ఆయన చానా మాట మీద నిలబడే మనిషి."

ఇక బాబాయ్ ఆగలేకపోయాడు. తువ్వాలు తీసేసి, నా చేతులు చూసి, పగలబడి నవ్వాడు. నోరారా నవ్వాడు.

ఆ నోరు నా నూలు కంటే ఎర్రగా ఉంది.

పిన్ని నా చేతిలో సబ్బు తీసుకుని ఆయన ముందు పెట్టింది. "ఇది కూడా పసుపేనా అయ్యా?"

నిమ్మకాయ నీళ్ళలో ముంచితే నూలు మళ్ళీ పసుపు రంగుకొచ్చింది. గౌనూ కుదిరింది, పాపకు దద్దుర్లూ రాలేదు. నన్ను ఖాళీ చేయించే సంగతి పిన్ని మర్చిపోయింది. ఆవిడకు అంతకంటే పెద్ద పని పడింది. నెల్లాళ్ళు హోటల్ క్యారేజీ తిన్న బాబాయ్ మెట్ల మీద ఎదురైనప్పుడల్లా ఒకటే మాట: "నిందేసి ఊరుకోక, నిర్దోషినని తేల్చడం ఎందుకమ్మాయ్?"

అందుకే కోటప్పకొండ ఉన్న దిక్కుకు తిరిగి నేనూ ఒట్టేశాను. సున్నం ఊళ్ళో పసుపు నూలు ఆరెయ్యను. ఏ మగవాడినీ అతని భార్య ముందు నిర్దోషిగా నిరూపించను. ఆ ఒట్టు ఈ రోజుకీ తప్పలేదు. ఆర్నెల్లు దాటింది.