మా పైడమ్మత్త పాస్ చేస్తేనే సినిమా

మా చిన్నప్పుడు... సాలూరులో మా వీధి పిల్లలు ఏ సినిమాకి వెళ్ళాలన్నా ముందు మా పైడమ్మత్త చూసి రావాలి. అత్త అంటే మా నాన్న చెల్లెలు, మా పక్కిల్లే. మావయ్య లారీ ఎక్కి లైనుకి వెళ్ళాడంటే వారం దాకా రాడు. ఇంట్లో పిల్లాజెల్లా లేరు. అందుకని కొత్త సినిమా పడిన రోజే మ్యాటినీకి వెళ్ళిపోయేది. ఆవిడ ఫర్వాలేదంటే అమ్మలు మమ్మల్ని పంపేవారు. వద్దందో... ఇక ఏడ్చి మొత్తుకున్నా లాభం లేదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక సినిమా వచ్చింది. పదో తరగతి చదివే అబ్బాయి, అమ్మాయి... వాళ్ళ ప్రేమ, బోలెడంత కామెడీ. మా క్లాసులో సగం మంది పక్క ఊరెళ్ళి ముందే చూసేశారు. నాకైతే అది చూడకపోతే ప్రాణం పోయేలా ఉంది. కామెడీ కోసం కాదు. అందులో హీరో రోజూ సైకిలు మీద ఆ అమ్మాయి వెనకాలే స్కూలు దాకా వస్తాడట. అప్పటికి నా వెనకాల కూడా ఒక సైకిలు వస్తోంది.

మా వీధి మలుపు దగ్గర మొదలుపెట్టి స్కూలు గేటు దాకా బెల్లు కొట్టుకుంటూ వచ్చేవాడు, వాడెవడో. అచ్చం సినిమాలోలాగే ఉందే, నీ పనే బాగుందే అని ఫ్రెండ్స్ ఒకటే ఆటపట్టించడం... నేనేమో తల దించుకుని గబగబా నడిచేసేదాన్ని. ఇంట్లో చెబితే చదువు మానిపించేస్తారని భయం. పోనీ ఇదే ప్రేమేమో, నాకే తెలియట్లేదేమో... సినిమా చూస్తే తేలిపోతుంది కదా అని నా ఆశ. నవ్వకండి, ఆ వయసుకి ఉన్న తెలివి అంతే.

మా ఊళ్ళో ఆ సినిమా పడిన రోజు సాయంత్రం అత్త చూసి వచ్చింది. మా అరుగు మీద అమ్మ, ఎదురింటి మామ్మ చింతపండులో గింజలు తీస్తున్నారు. పిల్లలం ఆడుకుంటున్నట్టు నటిస్తూ చెవులు అటే పడేశాం.

అత్తతో ఒక చిక్కుంది. సినిమా పిల్లలకి పనికొస్తుందో లేదో చెప్పాలంటే కథంతా చెప్పాలి. చెప్పడమంటే ఉత్తినే చెప్పడం కాదు, చేసి చూపించడం... హీరో నడక, లెక్కల మాస్టారి దగ్గు, హీరోయిన్ సిగ్గు, మధ్యలో పాటకి రెండు స్టెప్పులు. ఇది పిల్లలు చూడకూడని సీను అంటూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఆ సీనే అన్నిటికంటే బాగా చేసేది! మామ్మ నవ్వాపుకోలేక పళ్ళెం పక్కన పెట్టేసింది. ముద్దు సీను ఉందనగానే అమ్మ మొహం మాడిపోయింది. అత్త మాత్రం, "అదేటి వదినా, పువ్వు మీదకి కెమెరా తిప్పీసినాడు, ఏటీ నేదు" అని కొట్టిపారేసింది. హమ్మయ్య, సినిమా పాసైపోయినట్టే అనుకున్నాను.

అంతలో సైకిలు సీను వచ్చింది. ఈసారి అత్త ఏమీ చేసి చూపించలేదు. మామ్మ పక్కన కూలబడి, చింతపండు ముద్ద చేతిలోకి తీసుకుని గింజలు తీస్తూ చెప్పింది.

"ఆడు ఎనకాల పడతన్నాడు, ఆ గుంట బయపడి బేగి బేగి నడస్తన్నాది. హాలంతా ఒకటే నవ్వులు, ఈలలు. నాకు నవ్వు రానేదు వదినా. నన్ను ఏడో క్లాసులో అందుకే కదా మానిపించీసినారు. ఎనకాల పడినోడు మాత్రం సక్కగా సదువుకున్నాడు."

నాకు ఎక్కడి నుంచి తన్నుకొచ్చిందో ఏడుపు... "అత్తా, నా ఎనకాల కూడా ఒకడు వస్తన్నాడు. నన్ను బడి మానిపించీకండి" అనేశాను.

అత్త నన్ను దగ్గరికి లాక్కుంది. చేతులనిండా చింతపండు జిగురు... నా గౌనుకంతా అయింది. "నువ్వెందుకు మానాల? మానాల్సింది ఆడు. మీ నాన్నతో నేను మాటాడతాను" అంది.

నాన్న రెండు రోజులు గుర్రుమన్నారు. అత్త వదిలితేగా! నేను ఒక్కపూట కూడా బడి మానలేదు.

నేను సంగతి బయటపెట్టిన మర్నాడు పొద్దున్నే అత్త నాతో పాటు నడిచింది. సైకిలు బెల్లు వినపడగానే ఆగి, వాణ్ణి దగ్గరికి పిలిచి, ఎవరబ్బాయివి బాబూ, మీదే వీధి అని ఎంతో ప్రేమగా ఆరాలు తీసింది. తీరా చూస్తే వాళ్ళ నాన్న మావయ్యతో కలిసి లైనుకి వెళ్ళేవాడే! అయితే సాయంత్రం మీ ఇంటికి వస్తాను, మీ అమ్మ చేతి టీ తాగి చాలా రోజులైంది అంది. వాడి మొహం చూడాలి అప్పుడు... సైకిలు దిగి నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు. అత్త నిజంగానే వెళ్ళి టీ తాగి వచ్చింది. ఆ తర్వాత ఆ బెల్లు నాకు మళ్ళీ వినపడలేదు.

మరి సినిమా సంగతంటారా... ఆదివారం అత్తే మమ్మల్నందరినీ వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది! సైకిలు సీనుకి హాలంతా ఈలలు. మా వరసలో ఎవరం నవ్వలేదు. మిగతా సినిమాకి మాత్రం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. హీరోయిన్ కంటే మా అత్త సిగ్గే బాగుందని అందరం ఒక్కమాట మీద తేల్చేశాం.

మొన్న మా అమ్మాయి ఫోనులో అలాంటి సినిమానే పెట్టుకుంది. తెర మూలన పదమూడు ప్లస్ అని ఉంది... నాకు పదమూడు నిండాయి కదమ్మా అంది. చూడనివ్వాలా వద్దా అని సాలూరుకి ఫోన్ చేసి అత్తనే అడిగాను. "ఆ సినిమా నేను సూడనేదు గానీ, నువ్వెళ్ళి దాని పక్కన కూకో" అంది అత్త.

వెళ్ళి కూర్చున్నాను. మొదట మా అమ్మాయి మొహం ముడుచుకుంది. కాసేపటికి తనే ఒక ఇయర్‌ఫోను తీసి నా చెవిలో పెట్టింది.

మీ ఇళ్ళల్లో ఇలా ముందు చూసి వచ్చి తీర్పు చెప్పేది ఎవరండీ... పిన్నా, మామ్మా, పక్కింటి అక్కా? రాయండి, చదవాలని ఉంది. ఇప్పుడు అన్నిటికీ ఒక అంకె వేసి ఇస్తున్నారు, మంచిదే... కానీ ఆ అంకె సినిమా సంగతి చెబుతుందే గానీ, దాన్ని చూస్తున్న పిల్ల ఎందుకు నవ్వడం లేదో అడగదు కదా...